నీలం గీతల మధ్య చోటు

పద్దెనిమిదేళ్ళు పరాయి దేశంలో స్కూలు బస్సు నడిపాను. ఒక్క యాక్సిడెంటు కూడా చేయలేదని మా కోడూరులో అందరికీ చెప్పుకున్నాను. నిజానికి రెండు చేశాను. ఒకటి గోడకి, ఇంకోటి ప్రిన్సిపాల్ గారి కారుకి. రెండోది కూడా గోడకే తగిలిందని చెప్పి తప్పించుకున్నాను. గోడ వచ్చి సాక్ష్యం చెప్పదు గదా.

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టింది. కాబట్టి చదివే మీకూ ఆ జాగ్రత్త ముందే చెప్తున్నాను. దివిసీమ నుంచీ, బందరు నుంచీ ఇప్పుడు ఆ దేశాలకి వెళ్తున్న పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. కంపెనీ మంచిదేనా, గదికి ఎంతమంది, ఎండ ఎంత అని అడుగుతారు. వాటికి ఎప్పుడూ జవాబులు చెప్తూనే ఉన్నాను. వాళ్ళు అడగనిది ఒకటి ఇవాళ రాస్తున్నాను. ఇందులో పెంచినది ఉంటే అక్కడికక్కడే ఒప్పుకుంటాను.

మాది మన దేశం వాళ్ళ పిల్లల కోసం అక్కడ నడిచే స్కూలు. అందులో లెక్కల టీచరు ఒకావిడ ఉండేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చిక్కిపోయింది. తొడ నుంచి మడమ దాకా ఇనప బద్దీల క్యాలిపర్, చేతిలో కర్ర. నేను చేరిన వారంలోనే బస్సు దగ్గరికి వచ్చింది.

"మీది కోడూరటగా అండీ? మాది బందరు" అంది.

"బందర్లో ఎక్కడండీ?"

"ఎక్కడైతే ఏంటండీ, ఇక్కడ మనిద్దరిదీ పక్కపక్క వీధే" అని నవ్వింది.

నిజమే. అంత దూరం వెళ్ళాక కోడూరుకీ బందరుకీ మధ్య దూరం ఉండదు. ఆ నెల తిరిగేసరికి నేను అన్నయ్యనైపోయాను. అక్కడ ఆదివారం సెలవుండదు గనక, శుక్రవారం జరిగే చర్చి ప్రార్థనకి మేమిద్దరం ఒకే హాలుకి వెళ్ళేవాళ్ళం. పాట ఎత్తుకునేది ఆవిడ. శ్రుతి చెడగొట్టేది నేను.

ఆవిడకి కారు నడపడం నేనే నేర్పాను. ఇది పెంచినది. నేర్పింది అక్కడి డ్రైవింగ్ స్కూలు. పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకుని కాలితో తొక్కుతూ "అమ్మా, అమ్మా, అమ్మా" అనడం నేను చేసిన పని. కారుకి ప్రత్యేకంగా ఒక కడ్డీ పెట్టించుకుంది, స్టీరింగు పక్కన. ముందుకి నొక్కితే బ్రేకు, కిందికి లాగితే వేగం. లైసెన్సు వచ్చిన రోజు నన్ను ఎక్కించుకుని సముద్రం పక్క రోడ్డు మీద రెండుసార్లు తిప్పింది.

"చిన్నప్పుడు బందర్లో నేను గుమ్మం దాటాలంటే ముందు ఇంకొకళ్ళు చెప్పులేసుకోవాలి అన్నయ్యా. ఒకళ్ళు ఎత్తుకోవాలి, ఇంకొకళ్ళు రిక్షా పిలవాలి. పెళ్ళికి పిలిస్తే నన్ను తీసుకెళ్ళడం ఎవరి వంతా అని ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళు, నాకు వినపడకుండా. నాకు వినపడేది" అంది. తర్వాత తాళాల గుత్తి గలగలలాడించింది. "ఇప్పుడు చెప్పులు నేనే వేసుకుంటాను."

స్కూలు గేటు పక్కన రెండు పార్కింగ్ చోట్లు ఉండేవి. చుట్టూ నీలం గీతలు, మధ్యలో చక్రాల కుర్చీ బొమ్మ. అక్కడ కారు పెడితే తలుపుకి పదిహేను అడుగులు. మొదట్లో ఆ చోటు సంగతి చూసుకున్నది గేటు కాపలా ఉండే నేపాలీ పెద్దాయన. తెల్లారకముందే అక్కడ ఒక ప్లాస్టిక్ కోను పెట్టేవాడు. టీచరు గారి కారు మలుపు తిరగగానే కోను చంకలో పెట్టుకుని, సలాం కొట్టి పక్కకి తప్పుకునేవాడు. ఏ కాగితమూ లేకుండా ఏడేళ్ళు నడిచింది.

తర్వాత నగరం వాళ్ళు స్తంభానికి కెమెరా పెట్టారు. కెమెరాకి కాలు కనపడదు, నంబరు ప్లేటు కనపడుతుంది. మొదటి రోజు ఆవిడ కారు దిగి తలుపు వేసేలోపలే ఫోనుకి జరిమానా వచ్చింది. ఆ చోట్లో కారు పెట్టాలంటే కార్డు ఉండాలి. కార్డు ఆ దేశస్థులకైతే అక్కడి డాక్టర్లు చూసి ఇస్తారు. మనలాంటి బయటివాళ్ళు తమ దేశం నుంచే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఫోన్ చేస్తే ముందు అరబ్బీలో పాట, తర్వాత అరబ్బీలో మాట, ఆ తర్వాత లైను కట్. నాకు అరబ్బీ మాతృభాష లాగా వచ్చని చెప్పి ఫోన్ నేను తీసుకున్నాను. నాకొచ్చింది బండి భాష. కుడి, ఎడమ, ఆగు, తప్పయిపోయింది. ఆ నాలుగు మాటలతో పార్కింగ్ కార్డు రాదు.

ఇక ఆవిడ కారు రోడ్డు అవతల ఇసక మైదానంలో పెట్టాల్సి వచ్చింది. అక్కడి నుంచి గేటుకి నాలుగు వందల పన్నెండు అడుగులు. లెక్కల టీచరు గదా, లెక్కపెట్టుకుంది. ఇసకలో కర్ర దిగబడుతుంది. ఎండకి క్యాలిపర్ ఇనుము కాలి, బద్దీ కింద చర్మం బొబ్బలెక్కేది. రోడ్డు దాటాక కాలిబాట మీదికి ఎక్కడానికి వాలు ఒకటి కట్టారు. ఎక్కినాక ఎదురుగా పెద్ద పూలకుండీ ఉంటుంది, దిగి మళ్ళీ చుట్టూ తిరిగి రావాలి. ఆ నీలం గీతల్లో మాత్రం ఒక పిల్లాడి తండ్రి ఏనుగంత జీపు పెట్టేవాడు. వాళ్ళ అమ్మమ్మ పేరున కార్డు ఉందట. నేను పద్దెనిమిదేళ్ళలో ఆ అమ్మమ్మని ఒక్కసారీ చూడలేదు.

ఒక ఉదయం ఆవిడ మైదానం మధ్యలో ఆగిపోయింది. కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. బస్సులో పిల్లలందరూ అద్దాల్లోంచి చూస్తున్నారు. నేను దిగి పరిగెత్తి పట్టుకోబోతే, "వద్దన్నయ్యా, వాళ్ళు చూస్తున్నారు" అంది.

ఆ వేసవికి నేను సెలవు మీద ఊరు వస్తున్నాను. "నాకొదిలెయ్యండి టీచరు గారూ" అన్నాను. ఆ మాట నేను అననిది ఎప్పుడు గనక.

"వినండి" అంది ఆవిడ. క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడింది. "వాళ్ళ రూలు చదివించుకున్నాను. వైకల్యం యాభై శాతం దాటితే చాలట. నాది అరవై. సర్టిఫికెట్ గుడివాడలో మా చెల్లెలి దగ్గరుంది. కాపీ తీయించండి, నోటరీ ముద్ర వేయించండి. ఇక్కడికొచ్చాక తర్జుమా చేయిద్దాం. అంతే. ఇంకేం చెయ్యకండి."

"ఇంకేం చేస్తానమ్మా?"

"మీ సంగతి నాకు తెలుసు గనకే చెప్తున్నాను."

గుడివాడ వెళ్ళాను. వాళ్ళ చెల్లెలు కాఫీ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చింది. జిరాక్స్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరిది బాబాయ్?"

"మా చెల్లెలిది. బయటి దేశంలో కార్డు కోసం."

"అరవయ్యేనా?"

"ఏం, చాలదా?"

"నాదేం పోయింది బాబాయ్. కాకపోతే అంత దూరం పట్టుకెళ్తున్నావు. వాళ్ళు కొంత కొట్టేస్తే ఏం మిగులుద్ది?"

ఆ ఒక్క మాట నా బుర్రలో దిగిపోయింది. ఇది మన ప్రాంతం వాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. తుఫాను వెళ్ళాక పంట నష్టం రాసుకోవడానికి సర్కారు మనిషి వస్తే, ఎకరం మునిగినవాడు రెండెకరాలు మునిగిందంటాడు. రాసేవాడు సగం కొట్టేస్తాడని వీడికి తెలుసు. వీడు రెట్టింపు చెప్తాడని వాడికీ తెలుసు. ఇద్దరూ కలిసి తిరిగి ఆ ఎకరం దగ్గరికే చేరతారు. అది మోసమని మాలో ఎవరూ అనుకోలేదు. బేరం అనుకున్నాం. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడు నష్టపోవడం నా కళ్ళతో చూశాను. మా నాన్నే ఆ నష్టపోయినవాడు.

"ఏం చేద్దామంటావ్?" అన్నాను.

"ఆరుని తిరగేస్తే తొమ్మిదే గదా."

ఇన్నాళ్ళూ ఈ కథ చెప్పినప్పుడల్లా, అతనే నాకు తెలియకుండా మార్చేశాడని చెప్పాను. అబద్ధం. స్క్రీన్ మీద నాకు చూపించి, "ఇట్టా ఉంచమంటావా?" అని అడిగాడు. అక్షరాల్లో రాసిన చోట కూడా మార్చమని గుర్తు చేసింది నేనే. నోటరీ దగ్గర కాగితాల దొంతర ఉంది, చదవకుండానే ముద్ర పడింది. ఒరిజినల్ తీసుకెళ్ళి వాళ్ళ చెల్లెలికి భద్రంగా ఇచ్చాను. బస్సులో మొవ్వ మీదుగా ఇంటికి వస్తుంటే ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. ఆవిడ అరవై తెమ్మంది, నేను తొంభై తీసుకెళ్తున్నాను.

అక్కడ తర్జుమా చేసే ఆయన ఉన్నది ఉన్నట్టు తర్జుమా చేశాడు. ఈ వరసలో తన పని సరిగ్గా చేసింది ఆయనొక్కడే. కాగితాలన్నీ నేనే కుట్టి, అప్లికేషన్ పైన పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. "చూడండి టీచరు గారూ" అన్నాను. అన్నానా? లేదు. "ఇక్కడ సంతకం" అన్నాను. ఆవిడ చేసింది.

పది రోజుల్లో కార్డు వచ్చింది. ఆ ఉదయం నేపాలీ పెద్దాయన కోను అవసరం లేకపోయినా పెట్టి, తీసి, సలాం కొట్టాడు. ఆవిడ నీలం గీతల మధ్య కారు ఆపి, ఇంజను ఆపేసి, వెంటనే దిగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. మధ్యాహ్నం ఎవరి సామానులోనో వచ్చిన బందరు లడ్డూ డబ్బా తెచ్చి డ్రైవర్లందరికీ పంచింది. "ఇదంతా మా అన్నయ్య చలవ" అని హిందీలో చెప్పింది. నేను కాలరెగరేశాను. ఇందులో పెంచినది ఏమీ లేదు, నిజంగానే ఎగరేశాను.

మూడు నెలలు ఆవిడ పదిహేను అడుగులే నడిచింది.

తర్వాత లైసెన్సు రెన్యూవల్ వచ్చింది. కార్డు ఇచ్చిన ఆఫీసూ లైసెన్సు ఇచ్చే ఆఫీసూ వేరు. కంప్యూటర్ మాత్రం ఒకటే. తొంభై శాతం వైకల్యం ఉన్న మనిషి కారు ఎలా నడుపుతుందని అది అడిగింది. లైసెన్సు ఆపేశారు. ఒరిజినల్ పట్టుకుని రమ్మన్నారు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. "ఎక్కడో పొరపాటున ఎక్కించి ఉంటారు అన్నయ్యా" అంది. చెల్లెలికి ఫోన్ చేసి ఒరిజినల్ కొరియర్‌లో తెప్పించింది. అది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ నా బస్సులోనే వచ్చింది, ముందు సీట్లో, నా పక్కనే. నోరు తెరవడానికి నాకు తొమ్మిది రోజులు ఉన్నాయి. వాతావరణం గురించి మాట్లాడాను.

ఆ రోజు ఆవిడ కారు నేనే నడిపి ఆఫీసుకి తీసుకెళ్ళాను. చిన్న గది, చల్లగా ఉంది. ఆఫీసరు వయసులో చిన్నవాడే, మర్యాదస్థుడు. లేచి నిలబడి ఆవిడకి కుర్చీ జరిపాడు. బల్ల మీద ఒరిజినల్ ఒకవైపు, మా కాపీ ఇంకోవైపు పెట్టాడు. నేను వెనకాల ఆవిడ సంచీ పట్టుకుని నిలబడ్డాను.

"మేడమ్, ఈ రెండిట్లో నిజమైనది ఏది?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఒకటి చూసింది. రెండోది చూసింది. క్లాసులో కాపీ కొట్టిన పేపర్లు రెండు పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఆవిడ. ఎంతసేపు పడుతుంది? వెనక్కి తిరగలేదు. మెడ మాత్రం కొంచెం కదిలింది.

"ఒరిజినలే నిజం" అంది.

"మరి ఈ కాపీ ఎవరు తయారు చేశారు?"

ఇక్కడ మా కోడూరులో నేను చెప్పే కథ వేరు. నేను ముందుకెళ్ళి, బల్ల మీద చెయ్యి వేసి, "సార్, ఈ తప్పు నాది, ఆవిడకి సంబంధం లేదు" అన్నాననీ, ఆ దేశం వాళ్ళు రాతిగుండె వాళ్ళు గనక వినలేదనీ చెప్పాను. అది విని ఒకావిడ కళ్ళొత్తుకుంది కూడా.

నేను మూలనున్న మంచినీళ్ళ మెషిన్ వైపు చూశాను. దాని మీద రెండు కుళాయిలు. ఒకటి ఎర్రది, ఒకటి నీలం. నీలందాని కింద నీళ్ళ బొట్టు పడబోతూ ఆగింది. అది పడేదాకా చూశాను. అప్పుడు మా అమ్మాయి గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. నా వీసాకి ఇంకా రెండేళ్ళుంది. ఇవి కారణాలు కావని ఆ బొట్టు పడకముందే నాకు తెలుసు.

"మా ఊరి నుంచి తెప్పించుకున్నాను" అంది ఆవిడ. "సంతకం నాది. చూసుకోవాల్సింది నేను."

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. "నాకు అర్థం కావట్లేదు మేడమ్. మా రూలు యాభై. మీ అసలు కాగితానికే కార్డు వచ్చేది. ఇదెందుకు చేశారు?"

జవాబు ఆవిడ సంచీ పట్టుకుని వెనకాల నిలబడి ఉంది.

పోలీసు కేసు కాకుండా ప్రిన్సిపాల్ గారు వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలారు. ఆవిడ రాజీనామా ఇచ్చి, నెలలోపల దేశం వదిలి వెళ్ళాలి. మళ్ళీ రావడానికి లేదు. లైసెన్సు ఆ బల్ల మీదే తీసేసుకున్నారు.

తిరిగి వస్తుంటే పక్క సీట్లో కూర్చుంది. ఆ కారులో ఆవిడ ఆ సీట్లో కూర్చోవడం ఆ రోజే మొదలు. స్టీరింగు పక్కన ఆ కడ్డీ నా మోకాలికి తగులుతూ ఉంది. రెండు సిగ్నళ్ళు దాటాం.

"అన్నయ్యా."

"ఊఁ."

"నాకు అరవై చాలదా?"

కోపంగా అనలేదు. నిజంగా అడిగినట్టే అడిగింది. మూడో సిగ్నల్ దగ్గర ఆవిడే మళ్ళీ, "ఎడమకి వద్దు, రోడ్డు తవ్వారు, నేరుగా పోనివ్వండి" అంది. ఇంటిదాకా దారి చెప్పింది.

పిల్లల్లారా, దీన్నుంచి నీతి తీసుకోండని అనను. నీతులు చెప్పే అర్హత నాకు లేదు, పైగా మీరు వినరు. ఒకటి మాత్రం చెప్తాను. పరాయి దేశంలో మనకి పెట్టే ఇబ్బందులు నిజం. పూలకుండీ నిజం, అరబ్బీ పాట నిజం, అమ్మమ్మ జీపు నిజం. కానీ ఆవిడకి ఆ ఇబ్బందులన్నీ ఓర్చుకునే లెక్క వచ్చు. ఆ లెక్క తప్పించింది ఆ దేశం కాదు, పక్క వీధివాడు.

ఇప్పుడు ఆవిడ బందర్లో ఉంది. ఇంటి దగ్గరే పిల్లలకి లెక్కలు చెప్తోందని విన్నాను. ఎక్కడికైనా వెళ్ళాలంటే ఆటో పిలిపించుకుంటుందట. మళ్ళీ ఎవరో ఒకళ్ళు ముందు చెప్పులేసుకోవాలి. నేను అక్కడ మిగిలిన రెండేళ్ళూ పూర్తి చేసి వచ్చాను. కోడూరు నుంచి బందరు ఎంత దూరం? సగం పూట ప్రయాణం. నేను ఇంకా వెళ్ళలేదు.

క్షమించమని అడగడానికి విమానాశ్రయంలో ప్రయత్నించానని చెప్పాను చాలామందికి. అక్కడ దింపే చోట మూడు నిమిషాల కంటే బండి ఆపనివ్వరు. పోలీసు విజిల్ ఊదాడు, నన్ను తరిమేశాడు, నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది అని చెప్పాను. అందరూ నమ్మారు. ఆ దేశం పార్కింగ్ రూల్స్ గురించి విన్నవాళ్ళు ఎవరైనా నమ్ముతారు.

పోలీసు ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నం. మామూలు పార్కింగ్ స్థలం ఎదురుగానే ఉంది, సగానికి సగం ఖాళీ. నేను పెట్టెలు దింపాను. విమానాశ్రయం మనిషి చక్రాల కుర్చీ తెచ్చి ఆవిడని కూర్చోబెట్టాడు. లోపలికి నెట్టబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఒక్క ఐదు నిమిషాలు ఆగండి" అంది హిందీలో. "మా అన్నయ్య బండి పార్కింగులో పెట్టి వస్తాడు."

నేను బండి ఎక్కి, పార్కింగ్ గేటులోకి తిప్పకుండా, నేరుగా బయటి రోడ్డు పట్టాను.